వెంటిలేటర్ వద్దని రాసుకోవచ్చు మాస్టారూ, ముందు ఆ కాళ్ల సంగతి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 72. రిటైర్డ్ టీచర్‌ని, ఊరు తెనాలి. మూడేళ్ల కిందట ప్రొస్టేట్ క్యాన్సర్ అన్నారు. ఇప్పుడు వెన్నెముకకూ తుంటికీ పాకిందట. షుగర్, బీపీ ఉన్నాయి. నా భార్య రెండేళ్ల కిందట ఐసీయూలో వెంటిలేటర్ మీదే పోయింది. చేతులు మంచానికి కట్టేశారు, చివరి మాట కూడా దక్కలేదు. నాకు ఆ గతి వద్దు. గొంతులో గొట్టాలు వేయొద్దు, గుండె ఆగితే నొక్కొద్దు అని ముందే కాగితం రాసుకుంటే చెల్లుతుందా? అది ఆత్మహత్య కిందకు వస్తుందా? కొన్ని దేశాల్లో ఇంజెక్షన్ ఇస్తారట, మన దగ్గర ఇవ్వరా? అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, ఈ మాటెత్తితే ఫోన్ పెట్టేస్తాడు. అమ్మాయి విజయవాడలో ఉంటుంది. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫినాక్ రోజుకు మూడు, నిద్రకు ఆల్‌ప్రాజోలం వేసుకుంటున్నాను. పది రోజులుగా కాళ్లు తిమ్మిరెక్కి మెట్ల దగ్గర తూలుతున్నాను. ఇక ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఓపిక లేదు.

సలహా: మాస్టారూ, కాగితం గురించి చెప్తాను. అంతకన్నా ముందు, పది రోజులుగా కాళ్లు తిమ్మిరి అని రాశారు చూడండి, నా భయమంతా దాని గురించే. వెన్నెముకకు క్యాన్సర్ పాకినవాళ్లకు నడుం నొప్పితో పాటు కాళ్లలో తిమ్మిరి, తూలు మొదలైతే, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందని అనుకునే మేం పరిగెత్తుతాం. కాదని తేలితే సంతోషం. షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి కూడా కావచ్చు. కానీ అది తేల్చాల్సింది మీరూ కాదు, ఇక్కడ కూర్చుని నేనూ కాదు, ఎమ్మారై. రేపు, ఎల్లుండి అనకుండా ఈ రోజే క్యాజువాలిటీకి వెళ్లండి. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా అంబులెన్స్ పిలిపించుకోండి. గుంటూరు పెద్దాసుపత్రి మీకు దగ్గరే. ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్) కార్డు, పాత స్కాన్‌లు, బయాప్సీ రిపోర్టు అన్నీ ఒకే సంచీలో పెట్టుకుని, అమ్మాయిని తోడు తీసుకెళ్లండి.

మా అనుమానమే నిజమైతే సాధారణంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆ వెంటనే రేడియేషన్, కొందరికి ఆపరేషన్ ఉంటాయి. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. ఇంకా నడవగలుగుతున్నప్పుడే వచ్చినవాళ్లకు చాలావరకు నడక నిలుస్తుంది. కాళ్లు పూర్తిగా పడిపోయాక మోసుకొస్తే మా చేతుల్లో పెద్దగా ఉండదు. పది రోజులు ఎందుకు ఊరుకున్నారో నాకు తెలుసు. అందరూ అలాగే ఊరుకుంటారు.

ఆసుపత్రికి తిరిగే ఓపిక లేదన్నారు. అదీ మీ హక్కే. అన్నీ తెలిసి వద్దంటే మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. కానీ ఈ రేడియేషన్ ఆయుష్షు సాగదీయడానికి కాదు. మీ కాళ్ల మీద మీరు బాత్రూముకు వెళ్లి రావడానికి. మరొకరి చేతుల్లో పడకూడదన్నది మీ బాధ అయితే, దీన్ని వద్దనుకోవడం మిమ్మల్ని సరిగ్గా అక్కడికే చేరుస్తుంది. వెంటిలేటర్ వద్దనడం వేరు, వైద్యమే వద్దనడం వేరు. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఇక ఆ మాత్రలు. షుగర్, బీపీ ఉన్న 72 ఏళ్ల మనిషి రోజుకు మూడు డైక్లోఫినాక్! ఎవరు రాశారు? షాపులో కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు. కిడ్నీల పనితీరు చెప్పే మీ క్రియాటినిన్ ఎంతో అతనికి తెలుసా? ప్రొస్టేట్ వల్ల మూత్రం సరిగా రాకపోతే కిడ్నీల మీద ఇప్పటికే భారం ఉంటుంది. దాని మీద ఈ మాత్రలు, బీపీ మందులు కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. స్టెరాయిడ్ తోడైతే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. విరేచనం నల్లగా తారులా ఉంటే దాచకుండా చెప్పండి. ఈ రోజు చూసే డాక్టరుకు మీరు వేసుకునే ప్రతి మాత్రా, అట్టతో సహా చూపించండి. నిద్రమాత్ర చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, అదీ ప్రమాదమే.

ఇంత చేసీ ఆ నొప్పి తగ్గిందా అంటే లేదు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పికి చాలాసార్లు కావలసింది మార్ఫిన్. ఆ పేరు వినగానే బంధువులు గొల్లుమంటారు, ఇక అయిపోయిందని. డాక్టరు చూసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ మాత్ర ప్రాణం తీయదు. క్యాన్సర్ నొప్పికి సరిగ్గా వాడినవాళ్లు మత్తుకు బానిసలైపోవడం అరుదు. మలబద్ధకం మాత్రం ఖాయం, దానికి మొదటి రోజే మందు ఇస్తాం. నిద్రమాత్రతో కలిస్తే ఊపిరి మందగించొచ్చు కాబట్టి సొంతంగా కలపకూడదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడం కొంత సులువైంది. అయినా చాలా ఊళ్లలో దొరకదు. అందుకే నొప్పీ బాధా తగ్గించడమే పనిగా ఉన్న 'పాలియేటివ్ కేర్ విభాగం ఎక్కడుంది' అని నోరు తెరిచి అడగండి. ఆఖరి వారంలో కాదు, ఇప్పుడే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఎప్పటినుంచో ఉంది. అన్నీ అయిపోయాక పంపే చోటు అనుకుని జనం దాన్ని ఆలస్యం చేస్తారు. నన్నడిగితే క్యాన్సర్ ఎముకకు చేరిందని తెలిసిన రోజే అక్కడ ఒక చీటీ రాయించుకోవాలి.

ఇప్పుడు మీరు అడిగింది. చెల్లుతుంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది, ముందే రాసుకునే ఇలాంటి కాగితాన్ని, అంటే లివింగ్ విల్‌ను గుర్తించింది. కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమ చికిత్స వద్దనడం ఆత్మహత్య కాదు. అప్పుడు జబ్బు తన దారిన తాను పోతుంది, మేం అడ్డుపడటం మానేస్తాం, అంతే. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం మన దేశంలో నేరం. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి దానికి చట్టం ఉంది, మనకు లేదు. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో ఉన్న ఒక యువకుడు, అవయవాలు పాడవకముందే దానం చేసి పోతానని కోరితే హైకోర్టు కూడా ఒప్పుకోలేదు. ఆ చర్చలోకి నేను వెళ్లను. నొప్పి తగ్గి, నాలుగు రాత్రులు నిద్రపట్టాక ఆ కోరిక మీకు ఇంకా ఉందో లేదో మీరే చూసుకోండి. చాలామందిలో అది మెత్తబడుతుంది. ఈలోగా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనే వస్తే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

2018 నాటి పద్ధతిలో మేజిస్ట్రేట్ ముందు సంతకం కావాల్సి వచ్చేది, పాటించినవాళ్లు తక్కువ. 2023 జనవరిలో కోర్టే దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. మీరు మాట్లాడలేనప్పుడు మీ తరఫున ఎవరు మాట్లాడాలో పేరు రాయాలి, ఒకరికన్నా ఎక్కువమందివీ రాయొచ్చు. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆ సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో చికిత్స చేస్తున్న డాక్టరూ, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులూ మొదటి బోర్డుగా కలిసి చూస్తారు. ఆ తర్వాత రెండో బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరు ఉంటారు. రెండు బోర్డులూ సరే అన్నాక, మేజిస్ట్రేట్‌కు తెలియజేసి అమలు చేస్తారు. న్యాయపరమైన వివరాలు వకీలును అడగండి, నేను మందుల మనిషిని.

అసలు చిక్కు కోర్టులో కాదు, ఐసీయూ బయట కారిడార్‌లో. కాగితం లేని ఇంట్లో ఏం జరుగుతుందో వారానికోసారి చూస్తుంటాను. రాత్రి పదకొండింటికి బయటి దేశం నుంచి ఫోన్, 'ఎంతైనా పెట్టండి డాక్టర్'. ఇక్కడున్న ఆడపిల్లకు మాత్రం తండ్రి ఒళ్లు కమిలిపోవడం కనిపిస్తుంటుంది. ఆపేద్దామని మొదట నోరు తెరిచినవాళ్లే చంపినవాళ్లవుతారన్న భయం. చివరికి డబ్బయిపోయాక, సొంత పూచీ మీద తీసుకెళ్తామని సంతకం పెట్టి, ఊపిరి అందించే గాలి బుడగ చేత్తో నొక్కుకుంటూ అంబులెన్స్‌లో ఇంటికి. కొందరు దారిలోనే పోతారు. దీన్ని మనం 'చివరిదాకా చూసుకున్నాం' అంటున్నాం. రోగి ఏం కోరుకున్నాడని ఆ రాత్రి ఎవరూ అడగరు, అడిగినా గొట్టంతో ఉన్న మనిషి చెప్పలేడు. ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉన్నవాళ్లకు గుండె నొక్కితే పక్కటెముకలు విరిగేది ఎక్కువ, మళ్లీ ఇంటికి నడిచి వెళ్లేది చాలా అరుదు. ఈ మాట కుటుంబాలకు ఎవరూ ముందే చెప్పరు, మేం కూడా. కాబట్టి మీరు రాసుకోవాలనుకోవడం తొందరపాటు కాదు. పిల్లల నెత్తి మీదున్న బరువు మీరు తీసుకోవడం.

అందుకని అబ్బాయికి తెలియకుండా రాయొద్దు. అతను ఫోన్ పెట్టేసేది మీ మీద కోపంతో కాదని మీకూ తెలుసు, అమ్మ విషయంలో జరిగింది అతన్నీ వదిలి ఉండదు. ఈ వారం మీ క్యాన్సర్ డాక్టరు దగ్గరకు అమ్మాయితో వెళ్లి, అక్కడి నుంచే వీడియో కాల్ కలపండి. డాక్టరు నోటి నుంచి వింటే పిల్లలు వేరేలా వింటారు. ఏది వద్దో చెప్పడంతో ఆగకండి, ఏం కావాలో కూడా చెప్పండి: ఇంట్లో ఉండాలా, నొప్పి మందు ఎంతవరకు, తినలేకపోతే ముక్కు గొట్టం సంగతేంటి, చివర్లో పక్కన ఎవరుండాలి. నిజానికి వాళ్లకు తెలియనిది ఇదే.

ఎమ్మారై అయి, కాళ్ల సంగతి, నొప్పి సంగతి ఒక దారికి వచ్చాక రాయండి. ఒక ప్రతి అమ్మాయి దగ్గర, ఒకటి మీ ఫ్యామిలీ డాక్టరు ఫైల్‌లో, ఒకటి మున్సిపాలిటీలో ఉండాలి. ఇలాంటి పత్రాలు భద్రపరచడానికి స్థానిక సంస్థ ఒక అధికారిని నియమించాలని కోర్టు చెప్పింది. అలాంటివారు ఎవరూ లేరని కౌంటర్‌లో అంటే కమిషనర్ పేర అర్జీ జతచేసి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నంబరు వేయించుకుని రండి.