ల వెజినెలో ఏడేళ్ళున్నాను, ఆ కంచె సంగతి ముందు చెప్పాలి

మీరు అడిగింది: "పారిస్ పక్కన లా డెఫాన్స్ అనే ఆఫీసుల పేటలో ఉద్యోగం వచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు. పారిస్‌కి పడమరనున్న ల వెజినె చాలా పచ్చగా ఉంటుందని, అయితే డబ్బున్నవాళ్ళ ఊరని విన్నాను. అసలు ఎలాంటి ఊరు, మనలాంటివాళ్ళు ఉండగలరా?"

ఉండగలరు. నేను ఉన్నాను, 2013 నుంచి ఏడేళ్ళు. అద్దె ఎంత, ఇండియన్ షాపు ఎంత దూరం అన్న లెక్కలు ఎవరైనా చెబుతారు, వాటి జోలికి నేను పోను. ఆ ఊరు పచ్చగా ఎందుకుందో తెలియకుండా అక్కడ ఇల్లు తీసుకుంటే మాత్రం నేను చేసిన తప్పే మీరూ చేస్తారు, అందుకే ఆ సంగతి చెబుతాను.

మేం చేరిన మరుసటి ఏడాది మే నెలలో కాకినాడ నుంచి అమ్మ వచ్చింది. మాది ఒక పాత విల్లాలో కింది వాటా, ఇల్లంతా నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చారు. ముందు చిన్న తోట, తోటకీ వీధికీ మధ్య నడుమెత్తు ఇనుప ఊచల కంచె, అంతే, ప్రహరీ లేదు. అమ్మ వచ్చిన రెండో రోజు పొద్దున తోటలో కుర్చీ వేసుకుని బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంది. దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి "బోన్‌జూర్ మదామ్" అనడం, అమ్మ కొంగు సర్దుకుని తల దించుకోవడం. గంట తర్వాత గిన్నె తీసుకుని లోపలికి వచ్చేసింది. "ఇదేం ఇల్లురా, వీధిలో కూర్చున్నట్టుంది. ఇంటాయనతో చెప్పి గోడ కట్టించు" అంది.

గోడ మాట ఎలా ఉన్నా, ఆ శనివారం సామాన్ల దుకాణానికి వెళ్ళి రెండు మీటర్ల ఎత్తున్న వెదురు తడిక చుట్ట ఒకటి తెచ్చాను. సాయంత్రం చీకటి పడేదాకా ఒక్కో ఊచకీ తీగతో బిగించి కట్టాను. వేళ్ళు గీసుకుపోయాయి కానీ అమ్మ తోటలోకి వచ్చి చూసి తృప్తిగా తలూపింది.

ఆదివారం తొమ్మిదింటికి బెల్లు మోగింది. ఎదురింటి ముసలావిడ, ఎనభై దాటి ఉంటాయి, చేతికి తోటపని గ్లవ్స్ ఇంకా అలాగే ఉన్నాయి. కంప్లైంటు చేయడానికి వచ్చిందని నాకు టెన్షన్ పట్టుకుంది. ఆవిడ గొంతు పెంచలేదు. "మీ అమ్మగారు వచ్చారు కదా, చూశాను. నాతో ఓ నాలుగడుగులు నడుస్తారా" అని అడిగింది. వీధి దాటించి, అవతల పచ్చిక మధ్య పారే చిన్న కాలువ పక్కన నిలబెట్టి, వెనక్కి తిరిగి చూడమంది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మా పక్కింటి గులాబీలు, వాళ్ళ వెనక పెద్ద చెస్ట్‌నట్ చెట్ల మొదళ్ళు, అవతలి ఇంటి పచ్చిక, కాలువ గట్టు, ఇవన్నీ ఎక్కడా తెగకుండా ఒకే తోటలాగా సాగుతున్నాయి. సరిగ్గా మధ్యలో నా ఎండు తడిక, షట్టర్ దించిన దుకాణంలా. ఆ ముసలావిడ నాన్న వాళ్ళ ఇల్లు కొన్నప్పుడు దస్తావేజుతో పాటు నిబంధనల పుస్తకం కూడా చేతికిచ్చారట, కాయే దె షార్జ్ అంటారు దాన్ని. పచ్చికల అంచునా కాలువల అంచునా ఉన్న స్థలాలకి చూపు ఆగే గోడలు కట్టకూడదు, కంచె అవతలికి కనిపించాలి. కార్ఖానాలు పెట్టకూడదు. దుకాణాలు కేటాయించిన చోటే ఉండాలి. ఇదంతా 1858లో ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు రాసుకున్న మాట.

అవును, ప్లాట్లే. ఇది మెల్లగా పెరిగిన పల్లెటూరు కాదు, వెంచర్ వేసి అమ్మిన ఊరు. అంతకుముందు అక్కడున్నది రాజులు వేటాడిన అడవి. ఆల్ఫోన్స్ పాల్యూ అనే వ్యాపారి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో, వేరేచోట అడవి ఇచ్చి బదులుగా ఈ అడవి తీసుకున్నాడు. షూలో ప్రభువనే తోటల రూపశిల్పి చేత ప్లాన్ గీయించాడు. వంపులు తిరిగే వీధులు, చెరువులు, వాటిని కలిపే కాలువలు, మధ్యలో పొడవాటి పచ్చికలు వేశాకే మిగిలిన చోట ప్లాట్లు కోశారు. 1875లో షాతూ, క్రువాసీ, ల పెక్ ఊళ్ళ నుంచి భాగాలు విడదీసి దీన్ని విడి ఊరు చేసినప్పుడు ఆ పాల్యూనే మొదటి మేయరు.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో చెరువు ఒక్కటి కూడా సహజంగా పుట్టింది కాదు. ప్లాట్లు అమ్ముడుపోవాలని పనిగట్టుకుని తవ్వించారు. మన హైదరాబాదులో ప్లాట్లు అమ్ముకోవడానికి ఉన్న చెరువుల్ని పూడ్చారు. రెండు చోట్లా ఆశ డబ్బు మీదే, నేను కాదనను. కానీ అక్కడి వ్యాపారికి నీళ్ళ పక్కన స్థలానికి ఎక్కువ ధర వస్తుందని తెలుసు, ఆ నీళ్ళని ఎవడూ ముట్టుకోకుండా కాగితం మీద రాయించాలనీ తెలుసు. అంత పాత కాగితం ఇప్పటికీ చెల్లుతోంది చూడండి, నాకు ఆ ఊరి మీద గౌరవం అందుకే. చెట్లు ఎక్కడైనా పెరుగుతాయండీ, మాట నిలబడటమే కష్టం.

రైలు లేకపోతే ఈ ఊరే లేదు. పారిస్ నుంచి మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1837 ఆగస్టులో ఈ అడవి గుండానే వచ్చి ల పెక్ దగ్గర ఆగిపోయింది. సేన్ నది దాటి అవతల సాన్ జెర్మాన్ కొండ ఎక్కే శక్తి అప్పటి ఇంజన్లకి లేదు. 1847లో ఆ చివరి ముక్కకి వేరే ఉపాయం పెట్టారు. పట్టాల మధ్య గొట్టం వేసి, అందులో గాలి లాగేస్తే బయటి గాలి ఒత్తిడికి పిస్టన్ కదిలి బండిని పైకి లాగేది. 1860 దాకా అలాగే నడిచింది. మా అబ్బాయికి ఈ కథ చెబితే వారం రోజులు స్ట్రాతో కాగితం బంతులు పీల్చి ఎత్తుతూ ఆడుకున్నాడు. ఇప్పుడు అదే దారిలో ఆర్‌ఈఆర్ ఎ లైను, పారిస్‌నీ చుట్టుపక్కల ఊళ్ళనీ కలిపే లోకల్ రైలు. లా డెఫాన్స్‌కి నేరుగా వెళ్ళొచ్చు, మారే పని లేదు. సమ్మె రోజున, లేదా ఏ స్టేషన్లోనో ఎవరో బ్యాగు మరచిపోయిన రోజున మాత్రం ఆ లైనుని నమ్ముకోకండి. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకునే వేళకి చేరలేక నేను పడ్డ ఆత్రం నాకే తెలుసు.

డబ్బున్నవాళ్ళ ఊరా అంటే, అవును. ఇబీస్ చెరువు ఒడ్డున పాలే రోజ్ అని గులాబీ రంగు భవనం ఉంది, వెర్సాయ్‌లోని గ్రాన్ ట్రియానోన్ అనే రాజభవనం పోలికలో కట్టించారు. కవి రొబేర్ ద మోంతెస్కియు, తర్వాత ఇటలీకి చెందిన కజాతి దొరసాని ఉన్నారందులో. అమెరికాలో పుట్టి ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్న నర్తకి, గాయని జోసెఫిన్ బేకర్ 1929 నుంచి చాలా ఏళ్ళు ఈ ఊళ్ళోనే బో షేన్ అనే విల్లాలో ఉంది. మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఫొటోలు తీసుకునేది వీటి దగ్గరే. నేను మాత్రం పాత ఆసుపత్రి చూపించేవాణ్ణి. ఇళ్ళు ఇంకా లేస్తుండగానే, 1859లో, జబ్బు నుంచి కోలుకుంటున్న కూలి ఆడవాళ్ళ కోసం మూడో నెపోలియన్ అక్కడ ఆశ్రమం తెరిపించాడు. అంటే మంచి గాలి పేదవాళ్ళకీ కావాలని మొదట్లోనే ఒప్పుకున్నారన్నమాట. ఇప్పుడేమో ఊళ్ళోని ఇళ్ళల్లో సామాజిక గృహాలు, అంటే తక్కువ అద్దె ఇళ్ళు, 25 శాతం ఉండాలని చట్టం అడుగుతుంటే ఊరు దానికి చాలా దూరంలో ఉంది. చెట్ల పేరు చెప్పి తక్కువ అద్దె ఇళ్ళు వద్దనేవాళ్ళని నేను ఎదురుగానే తప్పుపట్టాను. వెడల్పు వీధుల్లో, పచ్చికకి దెబ్బ తగలకుండా కట్టే చోట్లు ఉన్నాయి, నా కళ్ళతో చూశాను.

ఇల్లు వెతికేటప్పుడు ఏజెంటు చూపించే తోట చూసి మురిసిపోకండి. పాత విల్లాలకి కిటికీల సందుల్లోంచి చలి వస్తుంది, మా మొదటి చలికాలం కరెంటు బిల్లు చూసి మా ఆవిడ మంచం మీద కూలబడింది. హీటింగ్ గ్యాసా, కరెంటా, కిటికీలకి రెండు పొరల అద్దమా అని అడిగి కనుక్కోండి. జీతం స్లిప్పులూ పన్ను కాగితాలూ ఎంత తెచ్చినా ఫ్రెంచి పూచీదారు కావాలని కొందరు మొండికేస్తారు, మీ కంపెనీ చేత ఉత్తరం ముందే రాయించుకోండి.

ఆ తడిక సంగతా? ఆదివారం మధ్యాహ్నానికే విప్పేశాను. అమ్మ మొదట మాట్లాడలేదు. సాయంత్రం ఆ ముసలావిడ కంచె మీంచి చెయ్యి చాపి ఓ గుప్పెడు పుదీనా ఇచ్చింది. అమ్మ మర్నాడు పచ్చడి చేసి చిన్న గిన్నెలో తీసుకెళ్ళి, కంచె మీంచే అందించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అరగంట నిలబడ్డారు. తిరిగి కాకినాడ వెళ్ళే వారం నాటికి దారిన పోయేవాళ్ళకి బోన్‌జూర్ ముందు చెబుతున్నది అమ్మే, కుర్చీ కూడా కంచె పక్కకి జరుపుకుంది.

కింది వాటా దొరికితే వదులుకోకండి.