రేడియేటర్ మార్చే ముందు గాలి బయటికి పోయే దారి చూడండి

సుబారు ఈఏ81 కారు ఇంజిన్ బిగించిన మీ విమానం పైకి ఎక్కేటప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 110 డిగ్రీలు దాటుతోందన్నారు కదా. అన్నా, టెన్షన్ పడి గాలి లోపలికి వచ్చే ముందు రంధ్రం పెద్దది చేయకండి. లోపలికి వచ్చిన గాలి వెనక నుంచి పోలేకపోతే రేడియేటర్ గుండా నడవదు.

ముందు సందులు చూడండి. నా విమానంలో రేడియేటర్ అంచుకూ డక్టుకూ (గాలి నడిచే గొట్టం) మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండేది, గాలంతా అటే జారిపోయేది. మెత్తటి రబ్బరు పట్టీ అతికించి మూసేశాక వేడి చూపే మీటర్ ముల్లు దిగింది.

తర్వాత రేడియేటర్‌కు ముందూ వెనకా సన్నటి ట్యూబులు పెట్టి, రంగు నీళ్లు నింపిన యు ఆకారపు గొట్టానికి కలపండి. రెండు నీటి మట్టాల మధ్య తేడా మరీ తక్కువుంటే బయటి దారి పెంచాలి. అక్కడ తెరిచి మూసే తలుపు పెడితే ఇంకా మంచిది; రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 ముస్టాంగ్ యుద్ధ విమానం పొట్ట కింద ఉన్నది అలాంటిదే. ఎక్కేటప్పుడు తెరవండి, క్రూజ్‌లో (ఒకే ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు) దగ్గరికి మూయండి.