జీతం, షేర్లు, అప్పు... అన్నీ ఒకే ట్రయల్ మీద పెట్టేశారు

ప్రశ్న: నా వయసు 37. అరుదైన జబ్బులకు మందులు తయారు చేసే కంపెనీలో, క్వాలిటీ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కంపెనీ ఇచ్చిన షేర్ల విలువ ఇప్పుడు నా పది నెలల జీతంతో సమానం. మా కొత్త మందు మూడో దశ ట్రయల్ (ఆమోదానికి ముందు రోగుల మీద చేసే పెద్ద పరీక్ష) ఫలితాలు ఎనిమిది నెలల్లో వస్తాయి. ఆ జబ్బుకు ఇంతవరకు మందే లేదు. ఆమోదం వస్తే అమెరికాలో ఆ జబ్బుకు అదే మందును ఇంకో కంపెనీ అమ్మకుండా ఏడేళ్ల ప్రత్యేక హక్కు కూడా ఉంటుంది. అందుకే నాలుగు నెలల కిందట 14 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో, ఆరు నెలల జీతమంత పర్సనల్ లోన్ తీసుకుని ఇంకొన్ని షేర్లు కొన్నాను. జీతంలో 60 శాతం ఇంటి ఖర్చులకు, 20 శాతం ఈఎంఐకి పోతోంది. మిగిలిందీ ఈ షేర్లలోనే పెడుతున్నాను. వేరే పొదుపు లేదు. భార్య, పాప, షుగర్ ఉన్న అమ్మ నా మీదే ఆధారపడ్డారు. లోన్ టాప్‌అప్ ఇస్తామంటూ బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. టాప్‌అప్ సంగతి అటుంచండి, అసలు మొదటి లోన్ కూడా తీసుకోకుండా ఉండాల్సింది. ఇదే తప్పు చేస్తున్న ఉద్యోగులు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మందు లేని జబ్బుకు మందు తేవాలని పనిచేసే చోట మీరున్నారు. అది గర్వపడాల్సిన పనే. కానీ రోగులు ఎంతగా ఎదురుచూస్తున్నా ట్రయల్ ఫలితం వాళ్ల అవసరాన్ని చూసి రాదు. ఏఎల్ఎస్ అనే జబ్బులో కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతింటాయి. దానికి అమిలిక్స్ అనే కంపెనీ తయారు చేసిన రెలివ్రియో మందుకు 2022 సెప్టెంబరులో అమెరికాలో ఆమోదం వచ్చింది. ఆ ఆమోదానికి ఆధారం 137 మందితో చేసిన చిన్న ట్రయల్. 2024 మార్చిలో పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మందు పనిచేయలేదని తేలింది. షేరు ఒక్క రోజులో 80 శాతానికి పైగా పడిపోయింది. మరుసటి నెలలోనే మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నామని, సుమారు 70 శాతం ఉద్యోగులను తగ్గిస్తున్నామని కంపెనీ ప్రకటించింది. షేరు పడటానికీ ఉద్యోగాలు పోవడానికీ మధ్య నెల రోజుల తేడా కూడా లేదు. మీ ఇంటికి ఉన్న అసలు ప్రమాదం ఇదే.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. మీ దగ్గర మొత్తం పదహారు నెలల జీతమంత విలువైన షేర్లు ఉన్నాయి. ఫలితం బాగా రాక షేరు 80 శాతం పడితే మిగిలేది మూడు నెలల జీతం, కాస్త పైన. ఎనిమిది నెలల తర్వాత కూడా మీ లోన్ బాకీ నాలుగు నెలల జీతానికి పైనే ఉంటుంది. ఆరేళ్లు కూడబెట్టిందంతా అమ్మినా అప్పు తీరదు. ఆ నెలే ఉద్యోగం కూడా పోతే ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు? పాప ఫీజు, అమ్మ మందులు ఎలా? టాప్‌అప్ కోసం ఫోన్ చేసేవాళ్లు ఆ రోజు వాయిదా కోసం ఫోన్ చేస్తారు.

ఏడేళ్ల హక్కు అన్నారు. అమెరికాలో అరుదైన జబ్బుల మందుల కోసం తెచ్చిన 1983 నాటి ఆర్ఫన్ డ్రగ్ చట్టం ఆ హక్కు ఇచ్చే మాట నిజమే. కానీ అది ఆమోదం వచ్చిన మందుకే. ఆమోదం వచ్చినంత మాత్రాన అమ్ముడుపోతుందనీ లేదు. గ్లైబెరా అనే జన్యు చికిత్సకు 2012లో ఐరోపాలో అనుమతి దక్కింది. వాడేవాళ్లే లేక 2017లో ఆ అనుమతిని పొడిగించుకోకుండా కంపెనీయే వదిలేసింది. మందు మంచిదై బాగా అమ్ముడవుతున్నా ఇబ్బంది రావచ్చు. 2009లో జెంజైమ్ అనే మందుల కంపెనీ ప్లాంటులో వైరస్ బయటపడి ఉత్పత్తి ఆగింది, గోషే అనే అరుదైన జబ్బు ఉన్న రోగులకు డోసులు తగ్గించి ఇవ్వాల్సి వచ్చింది. క్వాలిటీలో పనిచేసే మీకు ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ఉద్యోగి ఒకాయన నా దగ్గరికి వచ్చారు. కాగితాలన్నీ టేబుల్ మీద పరవమన్నాను. జీతం స్లిప్, షేర్ల స్టేట్‌మెంట్, హెల్త్ కార్డు, గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితం. నాలుగింటి మీదా ఒకే కంపెనీ గుర్తు. ఆయన చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయారు. మీరూ ఈ రాత్రి మీ కాగితాలు అలా పరిచి, మీ ఆవిడను కూడా కూర్చోబెట్టుకుని చూడండి. లోన్ సంగతి ఆమెకు తెలియకపోతే ఇప్పుడే చెప్పండి.

అప్పుతో కొన్న షేర్లు అమ్మి లోన్ మూసేయండి. ధర ఇంకాస్త పెరిగాక అని ఆగొద్దు. ముందే మూస్తే పడే ఛార్జీ ఎంతో బ్యాంకును అడగండి. ఎంతైనా కట్టి బయటపడటమే మేలు.

తర్వాతది అత్యవసర నిధి. నేను ప్రతివారికీ చెప్పేదే, మీకు ఇంకా గట్టిగా చెబుతున్నాను. మామూలుగా ఆరు నెలల ఖర్చులు చాలంటారు. ఒకే మందు మీద నడిచే కంపెనీలో పనిచేసేవారికి ఏడాది ఖర్చులు ఉండాలి. మీ రంగంలో ఉద్యోగాలు పోతే ఒకరివి పోవు, అందరూ ఒకేసారి వెతుక్కోవాల్సి వస్తుంది. మీకు ఏడాది ఖర్చులంటే ఏడు నెలల జీతం కన్నా కొంచెం ఎక్కువ. కంపెనీ ఇచ్చిన షేర్లలో సగం అమ్మితే ఐదు నెలల జీతం వస్తుంది. ఈఎంఐ ఆగిపోతే నెలనెలా జీతంలో 40 శాతం మిగులుతుంది. అదీ కలిపితే, పన్ను పోను కూడా, ట్రయల్ ఫలితాలు వచ్చేనాటికి నిధి సిద్ధంగా ఉంటుంది. దీన్ని బ్యాంకు డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉంచండి. రాబడి తక్కువని ముట్టుకోవద్దు.

కంపెనీ ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. అమ్మగారి షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొంతకాలం వాటికి క్లెయిమ్ రాని గడువు) ఉంటుంది కాబట్టి ఆ గడియారం ఇవాళే మొదలవ్వాలి. మీ పేరున టర్మ్ పాలసీ కూడా తీసుకోండి.

మిగిలిన సగం షేర్లు ఉంచుకోండి. మందు గెలిస్తే మీకూ వాటా ఉంటుంది. కొత్తగా కొనడం ఆపేయండి. నిధి పూర్తయ్యాక నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో వేసుకోవచ్చు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ట్రయల్ గురించి బయటివారికి తెలియని సమాచారం ఏదైనా మీ చెవిన పడి ఉంటే, ఆ షేర్లు కొన్నా అమ్మినా అది చట్టరీత్యా నేరం కావచ్చు. అందుకే అమ్మే ముందు కంపెనీ సెక్రటరీని అడిగి, ట్రేడింగ్ విండో (ఉద్యోగులు కంపెనీ షేర్లు కొనడానికి, అమ్మడానికి వీలున్న సమయం) ఎప్పుడు తెరిచి ఉంటుందో, ముందస్తు అనుమతి కావాలో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫలితాల తేదీ దగ్గరపడేకొద్దీ ఆ విండో మూసేసే అవకాశం ఎక్కువ. రేపు ఉదయం ఆఫీసుకు వెళ్లగానే ఆ మెయిల్ పంపండి.