నాట్యమే బతుకుదెరువు అంటున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

ఇంటర్ అయిపోయింది, ఇక నాట్యమే నా జీవితం అని నువ్వు రాసింది చదివాను. మీ నాన్న కూడా ఫోన్ చేశారు, టెన్షన్ పడుతున్నారు. నేను నీ పక్షమే. అయితే నువ్వు రాసినదాంట్లో స్టేజీల గురించి ఉన్నంత సాధన గురించి లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీకు మూడో కాలం, అంటే అన్నిటికంటే వేగంగా ఆడేది, ఇష్టం. మృదంగం వేగం అందుకోగానే నీ మొహం వెలిగిపోతుంది, అది చూడ్డం నాకూ సంతోషమే. కానీ నెమ్మదిగా ఆడే మొదటి కాలంలో నీ అరమండి, అదే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడేది, నిలవడం లేదు బిడ్డా. తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి నడుము పైకి లేస్తోంది. నెమ్మదిగా ఆడినప్పుడే మోకాలు లోపలికి వాలినా, మోచేయి జారినా, చూపు చేతి వెంట పోకపోయినా ఇట్టే తెలుస్తుంది. వేగంలో చూసేవాళ్లకు ఆ తప్పులు కనపడవు, కానీ ఒంటికి అవే అలవాటవుతాయి. ఈ ఏడాదంతా రోజూ ప్రాక్టీసులో సగం సేపు మొదటి కాలానికే ఇవ్వు. విసుగొస్తుంది. వచ్చినా వదలకు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం ఎప్పుడు నేర్పుతారని అడిగావు కదా, అరమండి నిలిచిన రోజున నేనే పళ్లెం తీసి ఇస్తాను.

ఇంట్లో గ్రానైట్ మీద ఆడకు. మనం చెప్పుల్లేకుండా పాదం గట్టిగా కొడతాం. గట్టి రాతి మీద ఆ దెబ్బంతా మడమకూ మోకాలికీ నడుముకూ తగులుతుంది. చెక్క నేల దొరక్కపోతే రబ్బరు మ్యాట్ పరుచుకో. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూసే దిక్కునే ఉండాలి. ఎండాకాలం మన ఓరుగల్లు సంగతి తెలిసిందే, తెల్లారి ఐదింటికే మొదలుపెట్టు. కండరం అలిసిన నొప్పి అయితే పర్వాలేదు. కీలులో గుచ్చినట్టుంటే ఆ రోజుకు ఆపేసెయ్. నొప్పి ఓర్చుకుని ఆడితే కళ మీద భక్తి ఎక్కువని ఎవరైనా అంటే నమ్మకు.

ఈసారి పాలంపేట వెళ్లినప్పుడు సెల్ఫీల కంటే ముందు రామప్ప గుడిలో నాట్య శిల్పాల దగ్గర కాసేపు నిలబడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. నర్తకి పక్కనే మద్దెల వాయించేవాళ్లు కూడా ఉంటారు, గమనించు. వాళ్లను వదిలేసి ఆట ఒక్కటే చెక్కుదామని ఆ శిల్పి అనుకోలేదు. ఈ రోజుల్లో కొందరు పిల్లలు మృదంగం వాయించే ఆయన పేరు కూడా అడగకుండా ప్రోగ్రాం ముగించుకుని పోతున్నారు. నాకు అది చాలా బాధ. రిహార్సల్‌కు వాయించేవాళ్ల కంటే ముందు నువ్వు ఉండాలి. డబ్బులు రాగానే ముందు వాళ్లకు ఇవ్వాలి. మైకు దొరికితే ముందు వాళ్ల పేర్లు చెప్పాలి.

ఆ గుడి కట్టిన నలభై ఏళ్లకు, 1253-54లో, కాకతి గణపతిదేవుడి గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని ‘నృత్త రత్నావళి’ రాశాడు. ఏనుగుల దళాన్ని చూసుకునే మనిషి కూర్చుని నాట్యం గురించి 8 అధ్యాయాలు రాశాడంటే, దాన్ని ఎంత పెద్ద విద్య అనుకున్నాడో చూడు. ఆయన రాసిన పేరిణి అనే వీరుల నాట్యం లక్షణాలనూ రామప్ప శిల్పాలనూ దగ్గర పెట్టుకుని, ఆగిపోయిన ఆ ఆటను నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ స్టేజీ ఎక్కించారు. ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఆరు నెలల్లో పేరిణి నేర్పేస్తామనే వాళ్ల దగ్గరికి నువ్వు పోతే నాకు కోపం వస్తుంది.

ఇక డబ్బు సంగతి. డిగ్రీ మానకు. దాంతో పాటే నాట్యంలో సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు రాసెయ్, రేపు స్కూల్లో ఉద్యోగం అడిగినా ఆ కాగితం కావాలి. అరంగేట్రానికి అప్పు చేయొద్దని మీ అమ్మతో గట్టిగా చెప్పు. హాలు, నగలు, భోజనాలు, వీడియో అని లక్షలు పోస్తున్నారు. భద్రకాళి గుడిలో నవరాత్రులకు అవకాశం వస్తే అక్కడ ఆడు, చాలు. రీల్స్ పెట్టుకో, తప్పు లేదు, కానీ ఇంకా కుదరని అంశాన్ని పెట్టకు. డిప్లొమా కాగానే బోర్డు కట్టి క్లాసులు మొదలుపెట్టకు. ముందు నా దగ్గర చిన్నపిల్లలకు అడుగులు దిద్దు. వాళ్ల తప్పు ఎక్కడుందో పట్టుకోవడం వచ్చాక చూద్దాం.

ఆదివారం వచ్చేటప్పుడు గజ్జెలు తేనక్కర్లేదు. తకధిమి లాంటి జతులు రాసుకున్న నోట్‌బుక్ తీసుకురా. చేత్తో తాళం వేస్తూ అన్నీ నోటితో తప్పు లేకుండా చెప్పాలి, ఆ తర్వాతే కాళ్లు కదుపుదాం.

ఇట్లు
నీ టీచరమ్మ, హనుమకొండ