రైఫిల్ స్టాక్ మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. ఈమధ్య బాగా పొడుగైంది, పాత చెక్క స్టాక్ (రైఫిల్‌ను బిగించే, భుజానికి ఆనించే భాగం) పొట్టిదైపోయి మెడ వంచి గురి చూస్తోంది. ఆన్‌లైన్‌లో వేరే కంపెనీ అడ్జస్టబుల్ స్టాక్ చవగ్గా ఉంది. కొనొచ్చా?
– ఓ తండ్రి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తొందరపడకండి సార్. ముందు పాత స్టాక్ వెనక భుజానికి ఆనే ప్లేటు దగ్గర స్పేసర్లు (మధ్యలో పెట్టే పలకలు) వేసి పొడుగు పెంచే వీలుందేమో చూడండి, చాలాసార్లు దాంతోనే పనైపోతుంది.

తప్పదంటే మాత్రం ‘అన్ని రైఫిళ్లకీ సరిపోతుంది’ అన్న మాట అస్సలు నమ్మొద్దు. రైఫిల్‌ను స్టాక్‌కి బిగించే స్క్రూల మధ్య దూరం, ట్రిగ్గర్ భాగం కూర్చునే గాడి, ముందు గాలి సిలిండర్‌కి చోటు, ఈ మూడూ మీ మోడల్‌కి అచ్చంగా కలవాలి, మిల్లీమీటరు తేడా వచ్చినా ఆకురాయి పట్టుకుని అరగదీసే పని పెట్టుకోకండి. అమ్మాయి ఎడమచేతి వాటమైతే అది కూడా ముందే చెప్పాలి. బిగించాక బ్యారెల్ (రైఫిల్ గొట్టం) స్టాక్‌కి ఎక్కడా తగలకూడదు, మధ్యలోంచి సన్న కాగితం జారిస్తే తెలిసిపోతుంది. సైట్లతో (గురి చూసే పరికరాలతో) కలిపి రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటితే పోటీల్లో ఒప్పుకోరు. మన సముద్రపు గాలికి మామూలు ఇనుప స్క్రూలు ఇట్టే తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్‌వి అడగండి.

విప్పేముందు రైఫిల్‌లో పెల్లెట్ (చిన్న గుండు) లేదని చూసుకుని సిలిండర్ తీసి పక్కన పెట్టండి. మొదటిసారి కోచ్ ముందే బిగించడం మంచిది, చెంప ఆనే ఎత్తు ఎంతుండాలో ఆయనే చూసి చెబుతారు.