మిగలబోయే అద్దె చూసి లోన్ తీసుకోవద్దు

ప్రశ్న: మాదాపూర్‌లో చిన్న వెబ్ డిజైనింగ్ వ్యాపారం నడుపుతున్నాను. జీఎస్టీ నా సొంత పేరు మీదే ఉంది. ఇద్దరు ఉద్యోగులు, వాళ్ల జీతాలు కలిపి 44,000. ముగ్గురం ఎక్కువగా ఇళ్ల నుంచే పనిచేస్తున్నాం. ఆఫీసు అద్దె 32,000. మెయింటెనెన్స్, కరెంటు, ఇంటర్నెట్‌తో కలిపి 41,000 అవుతోంది. ఓనర్ దగ్గర ఆరు నెలల అడ్వాన్స్ ఉంది. నెలకు 1,500కే వర్చువల్ ఆఫీస్ (కూర్చునే చోటు కాదు, రిజిస్ట్రేషన్‌కు, ఉత్తరాలకు చిరునామా మాత్రమే) ఇస్తామంటున్నారు. మిగిలే డబ్బు ఈఎంఐకి సరిపోతుంది కాబట్టి 20 శాతం వడ్డీకి మూడేళ్ల బిజినెస్ లోన్ 10 లక్షలు తీసుకుని, షాద్‌నగర్ వైపు ప్రీలాంచ్ ప్లాటు (వెంచర్ అధికారికంగా మొదలవక ముందే అమ్మేది) కొనాలని ఉంది. ఇంటి ఖర్చు 55,000. బ్యాంకులో 60,000, ఆరోగ్య బీమా 3 లక్షలు ఉన్నాయి. సరైన నిర్ణయమేనా?

జవాబు: ఆఫీసు ఖాళీ చేయండి. లోన్ మాత్రం వద్దు.

చిన్న వ్యాపారుల్లో ఈ అలవాటు తరచూ చూస్తుంటాను. ఒక ఖర్చు తగ్గితే చాలు, దాని స్థానంలో అంతే ఈఎంఐ తెచ్చి పెట్టుకుంటారు. మీకైతే ఆ ఖర్చు ఇంకా తగ్గనే లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ముందు లెక్క చూద్దాం. నెలకు 39,500 మిగులుతుందని మీ ధీమా. కానీ క్లయింట్‌తో కూర్చుని మాట్లాడాలంటే మీటింగ్ రూమ్‌కి గంటల చొప్పున విడిగా కట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్, మంచి ఇంటర్నెట్, పెరిగే కరెంటు బిల్లు మీ నెత్తినే. 35,000 మిగిలితే గొప్ప. మీరు చెప్పిన లోన్‌కు ఈఎంఐ సుమారు 37,160. అంటే మొదటి నెల నుంచే చేతి డబ్బు పడుతుంది. మూడేళ్లలో వడ్డీయే 3.38 లక్షల దాకా పోతుంది. పెద్ద క్లయింట్ ఒకరు బిల్లు రెండు నెలలు ఆపితే? జీతాలు ఆపలేరు, ఈఎంఐ ఎగ్గొట్టలేరు, చివరికి క్రెడిట్ కార్డు గీకుతారు. అక్కడ వడ్డీ ఏడాదికి 40 శాతానికి అటూ ఇటూ.

ఇక ప్లాటు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేకుండా ప్రీలాంచ్ పేరుతో అమ్మడమే చట్టవిరుద్ధం. అలాంటిదాన్ని అప్పు చేసి కొనడం గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

నాకు టెన్షన్ పెట్టింది మీ 60,000. ఇంటికి నెల రోజులకు సరిపోతాయి, అంతే. వాటిలోంచే జీతాలు కూడా ఇవ్వాల్సి వస్తే పక్షం రోజులు కూడా కష్టమే. జీతం మీద బతికేవాళ్లకు ఒక అత్యవసర నిధి చాలు, మీకు రెండు కావాలి. ఇంటికి ఆరు నెలల ఖర్చు, 3.3 లక్షలు. వ్యాపారానికి మూడు నెలలది. జీతాలు, సాఫ్ట్‌వేర్ చందాలు కలిపి నెలకు 50,000 వేసుకున్నా 1.5 లక్షలు. మొత్తం 4.8 లక్షలు. అడ్వాన్స్‌లో పెయింటింగ్ అనీ మరొకటనీ ఓనర్ కొంత కోసుకున్నా 1.7 లక్షలు వస్తాయనుకుందాం. ఉన్న 60,000 పోను కావలసింది 2.5 లక్షలు. ఆఫీసు మానేయడం వల్ల మిగిలే 35,000 ప్రతి నెలా అందులోనే వేస్తే ఏడెనిమిది నెలల్లో పూర్తవుతుంది. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతాది స్వీప్ ఎఫ్‌డీ (సేవింగ్స్ ఖాతాకు ముడిపడి, అవసరమైతే వెంటనే వాడుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లలో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్లు) పెట్టండి. వ్యాపారం కరెంట్ అకౌంట్‌లో మాత్రం వద్దు. అక్కడుంటే ఏదో ఒక వెండర్ బిల్లుకు పోతుంది.

3 లక్షల బీమా కార్పొరేట్ ఆస్పత్రిలో ఐసీయూ బిల్లుకు నిలబడదు. 10 లక్షలకు తగ్గకుండా సూపర్ టాప్‌అప్ (ఏడాది ఆస్పత్రి బిల్లులు ఒక పరిమితి దాటాక, ఆపైది భరించే అదనపు పాలసీ) జోడించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ ఈ నెలలోనే తీసుకోండి. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడి), ప్లాట్లు అత్యవసర నిధి నిండాకే.

వర్చువల్ ఆఫీస్ విషయంలో చౌక ఒక్కటే చూడకండి. అద్దె ఒప్పందం, ఓనర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తాజా కరెంటు బిల్లు మూడూ చేతికి ఇస్తారా? బిల్లు మీద, ఒప్పందం మీద ఫ్లాట్ నంబర్ ఒకేలా ఉందా? జీఎస్టీ అధికారి తనిఖీకి వస్తే అక్కడ మీ పేరుతో బోర్డు ఉండాలి, అడిగితే చెప్పే మనిషి ఉండాలి. చెప్పిన చోట వ్యాపారం లేదని తేలితే రిజిస్ట్రేషన్ రద్దు చేయొచ్చు. డబ్బు కట్టేముందు ఒకసారి స్వయంగా వెళ్లి రిసెప్షన్‌లో అడగండి: రిజిస్టర్డ్ పోస్ట్ వస్తే ఎవరు సంతకం పెడతారు, మీకు ఫోన్ ఎప్పుడు చేస్తారు? నోటీసు అక్కడి సొరుగులో పడి ఉంటే గడువు దాటిపోయేది మీకే.

పాత ఆఫీసు ఒప్పందంలో లాక్‌ఇన్ (ఖాళీ చేయకూడని కాలం), నోటీసు గడువు ఎంతుందో చూసుకుని లేఖ ఇవ్వండి. మారాక 15 రోజుల్లోపు జీఎస్టీ పోర్టల్‌లో చిరునామా మార్పుకు దరఖాస్తు చేయాలి. బ్యాంకు కేవైసీలో, ఇన్‌వాయిస్‌ల మీద కూడా మార్పించండి. కొత్త చిరునామా పోర్టల్‌లో ఆమోదం పొందేదాకా పాతదాన్ని వదలకుండా, రెండు చోట్లా ఒక నెల అద్దె కట్టినా ఫర్వాలేదు.