మారథాన్ నాలుగు గంటల్లోపు: ఏ రోజు ఎంత వేగం?

ప్రశ్న: నా వయసు 36. పోయిన జనవరిలో చెన్నైలో మారథాన్ 4 గంటల 35 నిమిషాల్లో పూర్తిచేశాను. 30 కిలోమీటర్లు దాటాక పిక్కలు పట్టేసి చాలా దూరం నడిచాను. వచ్చే జనవరిలో నాలుగు గంటల్లోపు రావాలని ఉంది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, మొత్తం 35 కి.మీ. చేస్తున్నాను. రోజూ 5:40 పేస్‌లోనే (అంటే కి.మీ.కు 5 నిమిషాల 40 సెకన్లు) పరుగెత్తితే ఒంటికి అలవాటవుతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అలా చేయొద్దు. రోజూ అదే వేగమైతే తేలిక రోజున అలసట తీరదు, గట్టి రోజున కాళ్లలో సత్తువ మిగలదు. 30 దగ్గర ఆగిపోయేవాళ్లకు లోటు ఎక్కువగా వారం మొత్తం దూరంలోనూ, దారిలో తిన్నదాంట్లోనూ ఉంటుంది.

ముందు లెక్క. 42.195 కి.మీ.కు 5:41 చొప్పున 3:59:48 పడుతుంది. మిగులు 12 సెకన్లు! పైగా మలుపుల్లో, జనాన్ని తప్పుకోవడంలో దూరం కొలిచే మీ వాచీ 42.5 కి.మీ. దాకా చూపిస్తుంది. కాబట్టి వాచీలో 5:37 కనిపించాలి. అది మీకు అందుతుందో లేదో తేల్చడానికి 10 కి.మీ. పూర్తి బలంతో పరుగెత్తండి. 52 నిమిషాల్లోపు వస్తే నాలుగు గంటలు పెట్టుకోండి. 55 పడితే ఈసారికి 4 గంటల 15 నిమిషాలు చాలు. పంతానికి పోతే మళ్లీ 30 దగ్గర నడకే.

సెప్టెంబరు మొదట్లో మొదలుపెడితే 18 వారాలు దొరుకుతాయి. వారం మొత్తం దూరాన్ని ప్రతి వారం 3 కి.మీ. పెంచుతూ, ప్రతి నాలుగో వారం పావు వంతు తగ్గిస్తూ డిసెంబరు మధ్యకు 60కి చేరండి. వారానికి ఐదు పరుగులు. మూడు తేలికవి, 6:40 నుంచి 7:00 మధ్య. పక్కనున్నవారితో మాట తెగకుండా మాట్లాడగలగాలి. ఒకటి టెంపో, అంటే కాస్త గట్టి వేగంతో చేసే పరుగు: 2 కి.మీ. మెల్లగా, తర్వాత 2 కి.మీ. చొప్పున మూడుసార్లు 5:20లో, మధ్యమధ్య రెండు నిమిషాల జాగింగ్, చివర మళ్లీ 2 కి.మీ. మెల్లగా.

ఐదోది లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు, మీకు అసలు పని అక్కడే. 16తో మొదలై 32 దాకా. అక్టోబరు ఆఖరు దాకా మొత్తం నెమ్మదిగానే. నవంబరు నుంచి వారం విడిచి వారం చివరి 6 కి.మీ. 5:37లో చేయండి, తర్వాత 8, ఆపైన 10. అలసిన కాళ్లు ఆ వేగం అందుకోవడం నేర్చుకోవాలి. ఆఖరి 32 రేసుకు మూడు వారాల ముందే అయిపోవాలి. ఆ తర్వాత దూరం తగ్గించండి, టెంపో వేగం తగ్గించొద్దు.

మన సెప్టెంబరులో తెల్లవారుజామున నాలుగున్నరకూ ఉక్కే. కి.మీ.కు 15-20 సెకన్లు ఎక్కువ పట్టినా పట్టించుకోకుండా ఊపిరిని బట్టి వెళ్లండి. అక్టోబరు నుంచి వాయుగుండాల కాలం. వానకు తప్పిన టెంపోను లాంగ్ రన్ పక్కన ఇరికించొద్దు. చీకట్లో హైవే జోలికి పోకండి. కొత్తపట్నం తీరంలో తడి ఇసుక ఊరిస్తుంది గానీ, సముద్రం వైపు వాలు వల్ల భారం ఒక పక్కకే పడుతుంది.

తిండి: మొదటి జెల్ (పరుగులో తినే చిన్న ప్యాకెట్ తీపి గుజ్జు) 40వ నిమిషంలో, ఆ తర్వాత ప్రతి అరగంటకు ఒకటి. ఒక్కోదాంట్లో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మధ్యరకం అరటిపండూ దాదాపు అంతే. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, దాన్ని జెల్‌కు బదులనుకోకండి. లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే తాగినదానికి మించి లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగిందంటే నీళ్లు అతిగా తాగారు, అదీ ప్రమాదమే. పరుగుకు రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, కాస్త చక్కెర. నెయ్యి కారం దోసె పరుగయ్యాక!

ప్రశ్న: వేగం పెంచిన రెండు వారాలకే మోకాలి కింద ముందరి ఎముక లోపలివైపు నొప్పి. పరుగు ఆపేయాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వేలితో నొక్కి చూడండి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే దూరం సగానికి దించి, టెంపో మానేసి, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం రోజూ 15 చొప్పున మూడు విడతలు చేయండి. ఒక్క చోటే సూది గుచ్చినట్టుండి, ఒంటికాలిపై గెంతితే నొప్పెడుతుంటే పరుగు ఆ రోజే ఆపి ఎముకల డాక్టరును కలవండి. ఎముకలో సన్న చీలిక తొలివారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారై అవసరమా అని అడగండి.